లండన్‌లో ఏ రవాణా కార్డు తీసుకోవాలి? నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి పిల్లల దగ్గరికి లండన్ వెళ్లే తల్లిదండ్రులు వీసా కాగితాలు, ప్రయాణ బీమా, మందుల చీటీలు మొదలుకొని ఊరగాయ డబ్బా మూత బిగింపు దాకా అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటారు కానీ, అక్కడ బస్సో రైలో ఎక్కాలంటే చేతిలో ఏముండాలన్న సంగతి మాత్రం విమానం దిగాకే ఆలోచిస్తారు. మొదటిసారి మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మా వారూ నేనూ అలాగే చేశాం. తిరిగి వచ్చిన తర్వాత మా వీధిలోనూ బంధువుల్లోనూ ప్రయాణం పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఈ కార్డుల గురించే అడుగుతుండడంతో, ఆ ప్రశ్నలనూ వాటికి నేను చెబుతూ వచ్చిన సమాధానాలనూ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇందులో ఇచ్చిన ఛార్జీలు 2025 మార్చిలో అమల్లోకి వచ్చినవి. అక్కడ ఛార్జీలు సాధారణంగా మార్చి నెలలో మారుతుంటాయి కాబట్టి, బయలుదేరే ముందు లండన్ రవాణా సంస్థ సైటులో ఒకసారి చూసుకోవడం అవసరం.

అసలు కార్డు ఎందుకు? డబ్బులిచ్చి టికెట్టు తీసుకోలేమా?

బస్సులో తీసుకోలేరు. లండన్ సిటీ బస్సుల్లో 2014 జూలై 6 నుంచి నగదు తీసుకోవడం మానేశారు. మన ఆర్టీసీ బస్సులో లాగా ఎక్కి కూర్చున్నాక కండక్టరు వచ్చి టికెట్టు కొట్టడం, చిల్లర లేకపోతే దిగేటప్పుడు ఇస్తానని టికెట్టు వెనుక రాయడం వంటివి అక్కడ ఉండవు. డ్రైవరు పక్కనున్న పసుపు రంగు రీడరుకు కార్డు తాకించి లోపలికి నడవాలి. ట్యూబ్ అని పిలిచే భూగర్భ రైలుకు స్టేషన్లలో కాగితం టికెట్టు దొరుకుతుంది గానీ, అదే ప్రయాణానికి కార్డుతో అయ్యేదాని కంటే చాలా ఎక్కువ ఇవ్వవలసి వస్తుంది. అందువల్ల ఒక్క రోజు ఉండేవారైనా సరే కార్డుతో తిరగడమే మేలు.

ఎన్ని రకాల కార్డులు ఉన్నాయి?

పైకి చాలా రకాలుగా కనిపించినా, మనకు పనికివచ్చే దారులు రెండే. ఒకటి, మన దగ్గర ఇప్పటికే ఉన్న కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డును నేరుగా రీడరుకు తాకించడం. ఈ సదుపాయం బస్సుల్లో 2012 డిసెంబరులోనూ ట్యూబ్‌లో 2014 సెప్టెంబరులోనూ మొదలైంది. రెండోది, 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డు; దీన్ని అక్కడే కొనుక్కుని, అందులో డబ్బు వేసుకుని వాడాలి. పెద్దలకు ఈ రెండింటిలోనూ ఛార్జీ ఒకటేనన్న విషయం ముందుగా గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. ఆయిస్టర్ చౌక అనో, బ్యాంకు కార్డు చౌక అనో ఎవరైనా చెబితే, వారు కార్డు కొన్న ఖర్చునో బ్యాంకు వేసే రుసుమునో దృష్టిలో పెట్టుకుని చెబుతున్నారని అర్థం.

పర్యాటకుల కోసం విజిటర్ ఆయిస్టర్ అని మరొకటి ఉంది. దాన్ని ప్రయాణానికి ముందే తెప్పించుకోవచ్చు. అయితే మామూలు ఆయిస్టర్ హీత్రూ విమానాశ్రయంలోని ట్యూబ్ స్టేషన్‌లోనే దొరుకుతుంది, అందులో వారం పాస్ కూడా వేయించుకోవచ్చు; విజిటర్ కార్డులో వారం పాస్ వేయరు. కాబట్టి ఇంటికి తెప్పించుకునే శ్రమ పెట్టుకోవద్దనే నేను చెబుతాను.

మన ఊరి బ్యాంకు ఇచ్చిన డెబిట్ కార్డు అక్కడ పనిచేస్తుందా?

చాలా సందర్భాల్లో పనిచేస్తుంది, అయితే నాలుగు విషయాలు ఇక్కడే, ఇల్లు కదలకముందే చూసుకోవాలి.

మొదట కార్డు మీద నాలుగు వంపు గీతల కాంటాక్ట్‌లెస్ గుర్తు ఉందో లేదో చూడండి. అది లేని కార్డు గేటు దగ్గర పనికిరాదు. తర్వాత అది ఏ సంస్థ కార్డో చూడండి. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులను లండన్ గేట్లు తీసుకుంటాయి. మన వైపు పెన్షన్ ఖాతాలకూ జన్‌ధన్ ఖాతాలకూ ఎక్కువగా ఇచ్చేది రూపే కార్డు. దాన్ని నమ్ముకుని వెళ్లవద్దు, అదే బ్యాంకును అడిగి వీసా కార్డో మాస్టర్‌కార్డో తీసుకోండి.

మూడోది అందరూ మరిచిపోయే విషయం. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి మన దేశంలో కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోని ఏటీఎంలలోనూ దుకాణాల యంత్రాలపైనా మాత్రమే పనిచేసే స్థితిలో వస్తాయి. విదేశీ వాడకాన్నీ, తాకించి చెల్లించే సదుపాయాన్నీ ఖాతాదారు తానే తెరుచుకోవాలి. ఇవి రెండు వేర్వేరు మీటలు. ఒకటి తెరిచి రెండోది మరిచిపోయినా గేటు తెరుచుకోదు. మేము వెళ్లేముందు మా ఊళ్లోని ఒక బ్యాంకు శాఖకు వెళ్లి అడిగితే, కౌంటరులోని వ్యక్తి విదేశీ వాడకం ఒక్కటే తెరిచి అంతా అయిపోయిందని చెప్పి పంపేశారు. అక్కడికి వెళ్లాక మొదటి గేటు దగ్గరే మా వారి కార్డుకు ఎర్ర దీపం వెలిగింది. వెనుక జనం బారులు తీరి ఉండగా పక్కకు తప్పుకుని నిలబడడం ఆయనకు ఎంత ఇబ్బందిగా ఉండిందో నాకు ఇప్పటికీ గుర్తే. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఈ రెండూ మీ కళ్లతో మీరే చూసుకోండి, మన ఊళ్లోనే ఏదైనా సూపర్ మార్కెట్టులో కార్డును ఒకసారి తాకించి చెల్లించి పరీక్షించుకోండి. ఓటీపీలు వచ్చే ఫోను నంబరు విదేశంలో పనిచేసేలా చూసుకోవడం కూడా ఇందులో భాగమే.

నాలుగోది రుసుము. విదేశీ కరెన్సీలో జరిగే ప్రతి లావాదేవీ మీద మన బ్యాంకులు చాలావరకు 3.5 శాతం వరకు అదనంగా వేసుకుంటాయి, ఆ అదనం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అంటే వెయ్యి రూపాయల ప్రయాణానికి సుమారు 41 రూపాయలు. వారం పది రోజులు తిరిగేవారికి ఇది పెద్ద భారం కాదు. ఆయిస్టర్ కార్డు కొనడానికి పెట్టే తిరిగిరాని సొమ్ముతో పోల్చుకుంటే తక్కువే కావచ్చు. పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డు ఉంటే ఈ అదనపు శాతం ఉండదు, కాకపోతే దానిలో ఎప్పుడూ కొంత నిల్వ ఉంచాలి. లండన్ రవాణా సంస్థ ఒక రోజు ప్రయాణాలన్నిటినీ కూడి ఒకేసారి వసూలు చేస్తుంది కాబట్టి, ఆ వేళకు కార్డులో డబ్బు లేకపోతే బాకీ తీరేదాకా ఆ కార్డును గేట్లు తీసుకోవు.

ఫోనులో ఫోన్‌పే, గూగుల్ పే ఉన్నాయి కదా, వాటితో వెళ్లలేమా?

మనం ఇక్కడ కూరగాయల బండి దగ్గర కూడా వాడుతున్న యూపీఐ లండన్ గేట్ల దగ్గర పనిచేయదు. ఆ గేట్లకు క్యూఆర్ కోడు ఉండదు, అవి చదివేది కాంటాక్ట్‌లెస్ కార్డునే.

చెన్నై మెట్రోలో వాడే కార్డు పనికొస్తుందా?

పనికిరాదు. మన వైపు నుంచి ఎక్కువమంది చెన్నై నుంచే విమానం ఎక్కుతారు, రైలు దిగి సెంట్రల్ నుంచి విమానాశ్రయం వరకు మెట్రోలో వెళ్లేవారు సింగార చెన్నై కార్డు కొనుక్కుని ఉంటారు. అది మన దేశపు ఉమ్మడి రవాణా కార్డు, దేశం దాటితే చెల్లదు. అయితే కార్డు తాకించి లోపలికి వెళ్లడం, మళ్లీ తాకించి బయటికి రావడం అలవాటు కావడానికి ఆ మెట్రో ప్రయాణం మంచి సాధన. పెద్దవాళ్లతో ఒకసారి చేయించండి.

మేమిద్దరం భార్యాభర్తలం. ఒకే కార్డు వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. మనిషికొక కార్డు ఉండాలి. ఉమ్మడి ఖాతా మీద ఇద్దరికీ విడివిడిగా ఇచ్చిన రెండు డెబిట్ కార్డులైతే ఇబ్బంది లేదు. క్రెడిట్ కార్డుకు అనుబంధంగా ఇంట్లోవారికి తీసుకున్న కార్డు అయితే, రెండింటి మీదా నంబర్లు వేర్వేరుగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇద్దరిలో ఒకరి దగ్గరే సరైన కార్డు ఉంటే రెండోవారికి ఆయిస్టర్ కొనండి. ఇద్దరికీ ఒకే రకం ఉండాలన్న నియమం ఏమీ లేదు.

ఎక్కడ తాకించాలి, ఎన్నిసార్లు తాకించాలి?

బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే. దిగేటప్పుడు తాకించనవసరం లేదు. ట్యూబ్‌లోనూ ఇతర నగర రైళ్లలోనూ లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి తప్పనిసరిగా తాకించాలి. కొన్ని చిన్న స్టేషన్లలో గేట్లు ఉండవు, రీడరు ఒక స్తంభానికి మాత్రమే బిగించి ఉంటుంది. ఎవరూ ఆపలేదు కదా అని నేరుగా బయటికి నడిచి వచ్చేస్తే, మీరు ఎక్కడ దిగారో తెలియక ఆ ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీ వేస్తారు.

లోపలికి తాకించిన కార్డునే బయటికీ తాకించాలి. ఇది చెప్పినంత తేలిక కాదని నా అనుభవం. ఒక సాయంత్రం నేను డెబిట్ కార్డు తాకించి లోపలికి వెళ్లి, బయటికి వచ్చేటప్పుడు పర్సు తెరవకుండా గేటుకు ఆనించాను. లోపలున్న ఫారెక్స్ కార్డును అది చదివింది. ఒక కార్డు లోపలికి వెళ్లి బయటికి రాలేదు, మరొకటి లోపలికి వెళ్లకుండానే బయటికి వచ్చింది. రెండూ అసంపూర్ణ ప్రయాణాలే కాబట్టి రెండింటికీ గరిష్ఠ ఛార్జీలు పడ్డాయి. మా అమ్మాయి ఆ కార్డులను రవాణా సంస్థ సైటులో నమోదు చేసి, జరిగింది వివరించి, ఎక్కువ పడిన మొత్తాన్ని వెనక్కి రప్పించింది. ఆ రోజు నుంచి ప్రయాణానికి వాడే కార్డును మెడలో వేసుకునే చిన్న సంచిలో విడిగా పెట్టుకుంటున్నాను. కార్డునూ, అదే కార్డును చేర్చిన ఫోనునూ కలిపి వాడినా ఇదే చిక్కు వస్తుంది, ఎందుకంటే రీడరు దృష్టిలో అవి రెండూ వేర్వేరు.

కొన్ని మార్పిడి స్టేషన్లలో గులాబీ రంగు రీడర్లు కనిపిస్తాయి. నగర మధ్యభాగమైన ఒకటో జోన్‌లోకి వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్లేవారు అక్కడ కూడా తాకిస్తే, మధ్యలోకి వెళ్లలేదని నమోదై తక్కువ ఛార్జీ పడుతుంది.

రోజంతా తిరిగితే ఖర్చు ఎంతవుతుంది?

దీనికి సమాధానం జోన్ల మీద ఆధారపడి ఉంటుంది. నగరం మధ్యభాగం ఒకటో జోన్. అక్కడి నుంచి ఉల్లిపాయ పొరల్లా బయటికి వెళ్లేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. చూడదగ్గ ప్రదేశాలు ఎక్కువగా ఒకటో జోన్‌లోనే ఉన్నా, మన పిల్లలు అద్దెకు ఉండేది సాధారణంగా దూరంగానే. మన దక్షిణాది కుటుంబాలు ఎక్కువగా కనిపించే ఈస్ట్‌హామ్ మూడు, నాలుగు జోన్ల సరిహద్దులో ఉంటే, హౌన్‌స్లో సెంట్రల్, వెంబ్లీ పార్క్ స్టేషన్లు నాలుగో జోన్‌లో ఉన్నాయి. కాబట్టి పర్యాటకుల కోసం రాసిన పుస్తకాల్లో కనిపించే ఒకటి, రెండు జోన్ల లెక్కలు మన అమ్మానాన్నలకు నేరుగా వర్తించవు.

రోజుకు ఇంతకు మించి వసూలు చేయకూడదన్న పరిమితి ఒకటి ఉంది. ఒకటి, రెండు జోన్లలోనే తిరిగితే అది 8.90 పౌండ్లు, ఒకటి నుంచి ఆరో జోన్ వరకు అయితే 16.30. ఉదయం 4.30 నుంచి మరుసటి ఉదయం 4.29 వరకు ఒక రోజుగా లెక్కిస్తారు. ఆ మొత్తం చేరాక ఆ జోన్లలో ఇంకెన్నిసార్లు తిరిగినా అదనంగా పడదు. ఇందుకోసం ఎవరినీ అడగనక్కరలేదు, ఏ పాసూ కొననక్కరలేదు, రోజంతా ఒకే కార్డు వాడితే లెక్క దానంతట అదే సరిపోతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 6.30 నుంచి 9.30, సాయంత్రం 4 నుంచి 7 గంటల మధ్య రైలు ఛార్జీ ఎక్కువ. పెద్దవాళ్లు తీరిగ్గా ఫలహారం చేసి తొమ్మిదిన్నర దాటాక బయలుదేరితే ఛార్జీ తగ్గుతుంది, కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది.

ఎర్ర బస్సు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎంత దూరమైనా 1.75 పౌండ్లే, జోన్ల లెక్క లేదు, రద్దీ వేళ అన్న తేడా లేదు. మొదటిసారి తాకించిన గంటలోపు వేరే బస్సులు ఎన్ని మారినా మళ్లీ ఛార్జీ పడదు. రోజంతా బస్సుల్లోనే తిరిగితే 5.25 పౌండ్లు దాటదు. ట్యూబ్‌లో లిఫ్టు లేని స్టేషన్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ మెట్లూ పొడవాటి నడవాలూ కష్టం. బస్సు అడుగు ఎత్తు తక్కువ, పైగా మేడ మీద కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది. తొందర లేని పెద్దలకు నేను బస్సునే సిఫారసు చేస్తాను.

వారం పాస్ కొనుక్కోవడం లాభమా?

ఇది మీరు ఏ వారంలో ఏ రోజున మొదలుపెడతారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

రోజువారీ పరిమితి ఉన్నట్టే వారానికీ ఒక పరిమితి ఉంది: ఒకటి, రెండు జోన్లకు 44.70 పౌండ్లు. అయితే ఆ వారాన్ని సోమవారం నుంచి ఆదివారం వరకే లెక్కిస్తారు. ఏడు రోజుల ట్రావెల్‌కార్డ్ అనే పాస్ ధర కూడా అదే 44.70, కానీ దాన్ని ఏ రోజు నుంచైనా మొదలుపెట్టవచ్చు. ఉదాహరణకు మీరు గురువారం నుంచి మరుసటి బుధవారం వరకు ప్రతిరోజూ బాగా తిరిగారనుకుందాం. పాస్ లేకపోతే మొదటి నాలుగు రోజులకు 35.60, తర్వాతి మూడు రోజులకు 26.70, మొత్తం 62.30 పౌండ్లు అవుతాయి. రెండు వారాల మీదుగా ప్రయాణం విడిపోవడంతో వారం పరిమితి మీకు అందలేదు. ఆయిస్టర్‌లో పాస్ వేయించుకుని ఉంటే 44.70తో పోయేది, అంటే మనిషికి 17.60 పౌండ్ల తేడా. అందులోంచి ఆయిస్టర్ కార్డు వెల తీసివేసుకుని చూసుకోవాలి. అదే మీరు సోమవారం మొదలుపెడితే పాస్ వల్ల ప్రయోజనమేమీ లేదు, ఏ కార్డైనా ఆదివారం నాటికి 44.70 దగ్గర ఆగుతుంది.

రోజుకు 8.90 చొప్పున ఐదు రోజులకు 44.50 కాబట్టి, పరిమితి తాకేంతగా తిరిగే రోజులు ఐదుకు మించకపోతే పాస్ జోలికి వెళ్లవద్దు.

మేము అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉంటాం. నెల పాస్ తీసుకోమంటారా?

వద్దు. మనవళ్లను చూసుకోవడానికి వెళ్లేవారు వారానికి రెండుసార్లు గుడికో, దుకాణాలకో, శనివారం అందరితో కలిసి ఊరు చూడడానికో బయటికి వెళ్తారు. వారి ప్రయాణం పాస్ ధరకు దరిదాపుల్లోకి కూడా రాదు. ఇలాంటివారికి ఆయిస్టర్ కార్డే నా సలహా. స్టేషన్లలోని యంత్రాల్లో పౌండ్ల నోట్లు పెట్టి దానిలో డబ్బు వేసుకోవచ్చు, లేదా అక్కడి పిల్లలు తమ కార్డుతో వేయవచ్చు, అప్పుడు మన బ్యాంకు రుసుము ప్రసక్తే ఉండదు. పిల్లలు ఆఫీసుకు వెళ్లినప్పుడు పెద్దవాళ్లు బ్యాంకు కార్డు పట్టుకుని తిరగడం కంటే, కొద్ది మొత్తమే ఉన్న ఈ కార్డు పోయినా నష్టం తక్కువన్న ధైర్యం కూడా ఉంటుంది.

అరవై దాటిన వారికి రాయితీ లేదా?

మన ఆర్టీసీలో అరవై దాటినవారికి 25 శాతం తగ్గిస్తారు కాబట్టి ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. లండన్‌లో అరవై దాటినవారికి ఉచిత ప్రయాణ కార్డు ఉన్న మాట నిజమే, కానీ అది లండన్ నివాసులకే. చూడడానికి వెళ్లినవారు పూర్తి ఛార్జీ ఇవ్వాలి.

పిల్లలకు ఏం చేయాలి?

పదకొండేళ్లు నిండని పిల్లలు బస్సుల్లో ఉచితంగా వెళ్లవచ్చు, ట్యూబ్‌లో టికెట్టున్న పెద్దవారు వెంట ఉంటే ఒక్కొక్కరితో నలుగురి వరకు ఉచితం. వారిని వెడల్పు గేటు దగ్గరికి తీసుకువెళ్లి సిబ్బందికి చూపించండి. 11 నుంచి 15 ఏళ్ల వారికి మాత్రం ఆయిస్టర్ కార్డు కొని, స్టేషన్ సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ రాయితీ పెట్టించుకోవాలి. 14 రోజుల వరకు సగం ఛార్జీ పడుతుంది. బ్యాంకు కార్డు తాకిస్తే ఈ రాయితీ రాదు. పిల్లవాడిని, పాస్‌పోర్టును వెంట తీసుకుని వెళ్లండి.

విమానాశ్రయం నుంచి ఇంటికి ఈ కార్డుతోనే వెళ్లవచ్చా?

హీత్రూ నుంచి వెళ్లవచ్చు. అక్కడి నుంచి మూడు రైళ్లు ఉన్నాయి, మూడింటికీ ఒకే కార్డు చెల్లుతుంది గానీ ఛార్జీలు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. పికడిల్లీ లైన్ ట్యూబ్‌లో నగర మధ్యభాగానికి 5.80 పౌండ్లు. ఎలిజబెత్ లైన్‌కు దానికి రెట్టింపు దాటుతుంది. హీత్రూ ఎక్స్‌ప్రెస్ అన్నిటికంటే ఖరీదు. ఏ ప్లాట్‌ఫారం వైపు నడుస్తున్నారో చూసుకోకుండా కార్డు తాకిస్తే, పొరపాటు తెలిసేది బ్యాంకు సందేశం వచ్చాకే. లూటన్ విమానాశ్రయంలో దిగేవారికి ఆయిస్టర్ పనిచేయదు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు పనిచేస్తుంది.

బాలాజీ గుడికి ఆయిస్టర్‌తో వెళ్లవచ్చా?

తెలుగువారు చూడాలనుకునే వేంకటేశ్వర ఆలయం లండన్‌లో లేదు, బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో ఉంది. అది వేరే నగరం కాబట్టి లండన్ కార్డులేవీ అక్కడి వరకు చెల్లవు. బర్మింగ్‌హామ్ రైలుకు విడిగా టికెట్టు కొనాలి, ముందుగా కొంటే చాలా తక్కువకు దొరుకుతుంది. లండన్ స్టేషన్‌లో గేటు తెరుచుకుంది కదా అని కార్డు తాకించి దూరప్రాంతపు రైలు ఎక్కితే టికెట్టు లేని ప్రయాణం కిందికి వస్తుంది, జరిమానా కట్టవలసి రావచ్చు.

సింగపూర్ వెళ్లేవారికి కూడా ఇవే మాటలు వర్తిస్తాయా?

చాలావరకు వర్తిస్తాయి. అక్కడి బస్సుల్లోనూ మెట్రోలోనూ విదేశీ వీసా, మాస్టర్‌కార్డులు నేరుగా పనిచేస్తాయి, అయితే విదేశీ కార్డుకు వాడిన రోజుకు 0.60 సింగపూర్ డాలర్ల చొప్పున అదనంగా వేస్తారు. ఒక ముఖ్యమైన తేడా: సింగపూర్‌లో బస్సు దిగేటప్పుడు కూడా తాకించాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఆయిస్టర్‌లో మిగిలిన డబ్బు పోయినట్టేనా?

పోదు. నిల్వ పది పౌండ్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే ట్యూబ్ స్టేషన్‌లోని యంత్రం దగ్గరే వెనక్కి తీసుకోవచ్చు. కార్డు కొన్న వెల మాత్రం తిరిగి రాదు. అయితే ఆ నిల్వకు గడువు లేదు కాబట్టి, మళ్లీ వెళ్లే అవకాశం ఉన్నా, మన వాళ్లెవరైనా వెళ్లబోతున్నా కార్డును అలాగే ఉంచుకోవడం మంచిది. మా కార్డులు రెండింటిలో ఒకటి ఇప్పటికే కావలిలో ఉండే మా ఆడపడుచుతో వెళ్లి వచ్చింది. ప్రస్తుతం ఒంగోలులోని మా వియ్యపురాలి దగ్గర ఉంది, అందులో ఇంకా ఆరు పౌండ్ల చిల్లర మిగిలి ఉంది.